ఊపకూడని ఉయ్యాల

నీలవేణి నది అడుగు నుంచి ఇనుప గొలుసు కిర్రుకిర్రుమంటూ పైకి లేచింది. తాటిమాను లావున్న ఆ గొలుసు మీది నుంచి నాచు జారింది, నీళ్లు జారాయి, ఎప్పుడో ఇరుక్కుపోయిన ఎవరిదో అంగీ పీలిక కూడా జారిపడింది. పడవ ముందు కొనలో కూర్చున్న చెంగల్వ ఆ పీలికను చూసి చప్పున కళ్లు తిప్పుకుంది. తన కొడుకు సారంగుడు ఇల్లు విడిచిన నాడు వేసుకున్నది నీలం అంగీ. ఇది పసుపు. అయినా, నీళ్లలో నానితే నీలం పసుపు కాదని ఎవరు చెప్పొచ్చారు?

"పడవ ఆపు! దిగండి, దిగండి! ఒక్కొక్కరే అద్దం ముందుకు రండి!" అని గట్టు మీంచి కావలి నాయకుడు అరిచాడు.

తెడ్డు పట్టి పెరిగిన మనిషి చెంగల్వ. ఈ ఏట్లో ఏ మూల ఎంత లోతో ఆమె చేతులకు తెలుసు. కానీ ఈ వేళ నీళ్లంటే బెదిరే ఇల్లాలిలా పడవ అంచు పట్టుకుని, కాలు తడబడుతూ దిగింది. నుదుట రూపాయంత కుంకుమ, చేతుల నిండా గాజులు, ఒంటి మీద ఎర్రచీర. మొగుడు పోయిన ఆడది ఇలా ముస్తాబై తిరిగితే ఏ కీడు మూడుతుందోనని పొద్దున ఆమె బొట్టు పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టుకుంది. కానీ వజ్రకూటం రాణిగారి దండోరాలో "కమ్మని గొంతున్న ముత్తైదువలు" కావాలన్నారు. వితంతువులను గడప దాటనివ్వరు.

గట్టు మీద నిలువెత్తు అద్దం. చచ్చిన మాంత్రికుడి కొలువులోంచి తెచ్చిన నిజరూప దర్పణం అది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా మంచుగడ్డలా చల్లగా ఉంటుంది. వేషం వేసుకున్న మనిషి దాని ముందు నిలబడితే అసలు రూపం కనబడుతుంది. ముందున్న గాజులమ్మిని అందులో చూసి కావలివాళ్లు ఒక్క ఉదుటున మీదపడ్డారు. అద్దంలో గాజులమ్మి లేదు, మీసాలున్న మగవాడున్నాడు. వాడి కేక పూర్తి కాకముందే నదిలో నీళ్లు ఎగిసిపడ్డాయి. మొసళ్లు మళ్లీ మునిగిపోయాయి.

చెంగల్వ వంతు వచ్చింది. అద్దంలో బోసినుదురు కనబడితే తన కథ కూడా అంతే. ఆమె గబగబా అద్దానికి ముక్కు ఆనేటంత దగ్గరగా వెళ్లి, బొట్టు సరిచేసుకుంటున్నట్టు వంగి, నోరు తెరిచి ఊపిరి వదిలింది. చల్లటి అద్దం మీద ఆవిరి తెరలా పట్టింది.

"ఏమమ్మా, పెళ్లికెళుతున్నావా? పాముకు పాడటానికి వచ్చి సోకులు చూడు!" అన్నాడు నాయకుడు.

"పామైతే మాత్రం దానికి కళ్లుండవా అన్నా? పాడే మనిషి మొహం చూసి జడుసుకుంటే మీకే కదా చేటు!"

కావలివాళ్లు పగలబడి నవ్వారు. "పో పో! ఆ నోటితోనే పాడు," అని నాయకుడు ఆమెను భుజం పట్టి ముందుకు తోశాడు. వెనక అద్దం మీది ఆవిరి మెల్లగా కరుగుతోంది. చెంగల్వ వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ గొలుసూ ఈ అద్దమూ లేని రోజులు చెంగల్వ ఎరుగును. కరాళజిహ్వుడనే మాంత్రికుడు లోకంలోని రాజ్యాలన్నిటినీ ఒక్కొక్కటిగా మింగుతున్న కాలంలో తూర్పున ఉదయశిల రాజు ప్రభంజనుడు, పడమట వజ్రకూటం రాణి శతాక్షి చేతులు కలిపారు. రెండు సేనలూ ఒకే బానలో గంజి తాగాయి. పొగలో, దుమ్ములో పొరపాటున ఒకరినొకరు చంపుకోకూడదని, ఇవి మనవాళ్ల బాణాలని గుర్తుండాలని, రెండు సేనల బాణాలకూ ఒకే కొంగ ఈకలు కట్టారు. చెంగల్వ, ఆమె మొగుడు రెండు సేనలనూ ఒకే పడవలో మాంత్రికుడి పట్నమైన మకరపురికి దాటించారు. నీది ఏ దేశమని ఎవరూ ఎవరినీ అడగలేదు.

మాంత్రికుడి తల తెగింది. ఆ తల కళ్లు మూయకముందే పేచీ మొదలైంది. కోట తలుపు ముందుగా బద్దలు కొట్టింది నా ఏనుగంటే నా ఏనుగన్నారు. ఆ రచ్చలోనే ఎటునుంచో వచ్చిన బాణం చెంగల్వ మొగుడి గుండెలో దిగింది. దానికున్నవి కొంగ ఈకలే. ఎవరు వేశారో అడగటానికి కూడా లేకపోయింది.

ఆ తర్వాత నేలమాళిగలో రెండు గుడ్లు దొరికాయి. ఏనుగు తలకాయంత గుడ్లు, లోపల ఎర్రగా నిప్పు తిరుగుతున్న గుడ్లు. అగ్నినాగాలవి. ఒక్క నాగం రెక్క విప్పితే ఒక రాజ్యంలో పచ్చగడ్డి కూడా మిగలదు. చెవిన జోలపాట పడుతున్నంత సేపూ గుడ్డులో పాము నిద్రపోతుంది, పాట ఆగితే పగలగొట్టుకుని లేస్తుంది. రాజు ఒకటి పట్టుకుపోయాడు, రాణి ఒకటి పట్టుకుపోయింది. గంధపు చెక్కతో ఉయ్యాలలు చేయించి గుడ్లను పడుకోబెట్టారు. "నువ్వు పాట ఆపితే నేనూ ఆపుతాను," అని ఆయన శపథం పట్టాడు. "నువ్వు ఆపితే నేనూ ఆపుతాను," అని ఆవిడా పట్టింది. దానికే శాంతి అని పేరు పెట్టి ఊరూరా డప్పు కొట్టించారు.

మకరపురిని నిలువునా కోశారు. నదికి ఈవల తూర్పు, ఆవల పడమర. వంతెనలు కూల్చారు, ఏటికి అడ్డంగా గొలుసు కట్టారు. చిన్న చిన్న రాజ్యాలను మా వైపంటే మా వైపని గుంజుకున్నారు. ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు, ఉదయశిలకూ వజ్రకూటానికీ పడకపోతే కొండల్లోని చిన్న ఊళ్లు తగలబడ్డాయి. పెద్దవాళ్ల కత్తి ఒరలోనే ఉండేది. చచ్చేవాళ్లు మాత్రం చస్తూనే ఉన్నారు.

గొలుసు కట్టిన నాడు సారంగుడు ఉప్పు బస్తాలు దించటానికి పడమటి ఒడ్డుకు పోయి ఉన్నాడు. మీసం ఇంకా నూనూగుగా ఉన్న పిల్లవాడు. ఆ సాయంత్రం తిరిగి రావాలి. చెంగల్వ పులుసు కాచి దించింది. రాలేదు. ఆ రోజు అవతలి ఒడ్డున చిక్కిన తూర్పు కుర్రాళ్లందరినీ రాణి పట్టించి, నాగమందిరం చుట్టూ గొలుసుతో కట్టేయించింది. "మీ నాగం మా మీదికొస్తే ముందు కాలేది మీ బిడ్డలే," అని కబురు పంపింది. తూర్పున ప్రభంజనుడు పడమటి కుర్రాళ్లను అలాగే కట్టేశాడు.

మొన్న తూర్పు మంత్రి దీర్ఘదర్శి చెంగల్వను పిలిపించాడు. "పడమటి వాళ్ల మందిరంలోకి పాడటానికి పోయిన ఆడవాళ్లు పోవడమే కానీ తిరిగి రావడం లేదమ్మా. వాళ్ల నాగం బలంగా ఉందో నీరసంగా ఉందో తెలియాలి. నీరసంగా ఉంటే నది వైపు కిటికీలోంచి నీ ఎర్ర కొంగు ఆరేయి. మేం పాట ఆపేసి మా నాగాన్ని వదులుతాం."

"మరి నా కొడుకో, అయ్యగారూ?"

ఆయన నవ్వి, పసుపు దారంతో చుట్టిన తాయెత్తు ఆమె చేతిలో పెట్టాడు. "ఇది కట్టుకున్నవాణ్ణి నాగాగ్ని తాకదు."

"ఒకటేనా? అక్కడ ఎంతమంది తల్లుల బిడ్డలున్నారో..."

"నీకు ఒక్కడే కదమ్మా!"

చెంగల్వ తాయెత్తును రవికలో దోపుకుంది. నిజమే, తనకు ఒక్కడే. నిన్న రాత్రి ఎగువన చీకట్లో ఏరు దాటి, ఈ పొద్దున పడమటి ఊళ్ల పడవ ఎక్కింది.

నాగమందిరం నది మీదికి వంగిన కొండకొమ్మున ఉంది. స్తంభాలు నల్లరాతివి, ఒక్కొక్క స్తంభం మీద పడగవిప్పిన పాములు, పాముల కళ్లల్లో కెంపులు. నేలకు ఎర్రచందనం పలకలు. కప్పు నిండా బంగారు రేకు. ఎండ పడితే లోపల మంట మండుతున్నట్టే ఉంటుంది. చుట్టూ వసారాలో, పొడవాటి ఒకే గొలుసుకు కాలి కడియాలతో గుచ్చిన పూసల్లా కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. గొలుసు కొస మందిరం గుమ్మం పక్కన పెద్ద తాళంతో బిగించి ఉంది. తాళంచెవి దళవాయి భైరవుడి మొలలో వేలాడుతోంది.

చెంగల్వ తల వంచుకుని నడుస్తోంది కానీ కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. మూడో స్తంభం దగ్గర కనబడ్డాడు. నీలం అంగీ పేలికలైంది. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం తండ్రిది.

వాడు తలెత్తాడు. కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మా!" అన్నాడు, అనేశాడు. "అమ్మా, బొట్టు పెట్టుకున్నావేంటే..."

దళవాయి గిరుక్కున తిరిగాడు.

"ఎవరికిరా అమ్మ?" అని చెంగల్వ చెయ్యి తిప్పుతూ గయ్యిమంది. "కడుపు మాడితే దారిన పోయే ఆడవాళ్లందరూ అమ్మల్లాగే కనబడతారేం! ఇలాంటి కొడుకుంటే పుట్టగానే ఏట్లో విడిచి ఉందును!"

భైరవుడు నవ్వాడు. "ఆకలి వెధవలు లేమ్మా. మొన్న మా వంటవాణ్ణి కూడా ఒకడు నాన్నా అన్నాడు."

సారంగుడు తల దించేసుకున్నాడు. అర్థమైంది వాడికి. ఆ మాట అన్నందుకు నాలుక కోసుకోవాలనిపించింది చెంగల్వకు. ఏట్లో విడవటం అన్నదే, పైన తథాస్తు దేవతలుంటే? మనసులోనే లెంపలు వేసుకుని గుమ్మం దాటింది.

లోపల ఒక్కతే మనిషి, దాది మల్లసాని. తల ముగ్గుబుట్ట, చేతులు మర్రి ఊడల్లా ముడతలు. ఆవిడే పాడుతోంది. గొంతు బొంగురు పోయింది. చెంగల్వను చూడగానే పాట మధ్యలోనే చేత్తో సైగ చేసింది, అందుకో అని. తలుపు మూసుకుంది.

మందిరం నడుమ బంగారు గొలుసులకు వేలాడుతున్న ఉయ్యాల. పల్లకీ అంత ఉయ్యాల. నాలుగు మూలలా చెక్కిన నెమళ్లు, అంచుల వెంట ముత్యాల జాలరు, పైన నేలదాకా జీరాడే పట్టుతెర. తెర మీద ఏళ్లనాటి దుమ్ము. ఉయ్యాల పక్కనే మనిషెత్తు దీపపు సెమ్మె.

చెంగల్వ ఏ పాట పాడాలో ముందుగా అనుకున్నదంతా మరిచిపోయింది. పడవలో సారంగుణ్ణి ఒళ్లో వేసుకుని తెడ్డు వేస్తూ పాడిన పాటే నోటికొచ్చింది.

"ఏటి అలలు నిదరపోయె, జోజో
ఎగువ కొంగ నిదరపోయె, జోజో
తెడ్డు కూడ అలసిపోయె, జోజో
తెల్లవారి లేద్దువులే, జోజో..."

బయట గొలుసు చప్పుడు ఆగిపోయింది. ఒక్కడు వింటున్నాడని ఆమెకు తెలుసు.

జోల పాడే ఆడదాని చెయ్యి ఊరికే ఉండదు. నోరు పాడుతుంటే చెయ్యి తనంతట తానే ఉయ్యాల గొలుసు వైపు పోతుంది. చెంగల్వ చెయ్యీ అలాగే పోయింది. బంగారు గొలుసును వేళ్లు తాకాయో లేదో, మల్లసాని దెబ్బతిన్న పిల్లిలా ఎగిరి ఆమె మణికట్టు పట్టేసుకుంది.

"వద్దే తల్లీ! ఊపకు! నా మనవడు చంటివాడే... ఊపకే!"

చెంగల్వ పాట ఆపలేదు. కానీ ఆ మాట ఆమె చెవిలో గుచ్చుకుంది. పాము లేస్తుందని భయపడే మనిషి పాము లేస్తుందంటుంది. మల్లసానికి మనవడు గుర్తొచ్చాడు. ఉయ్యాల ఊపితే చంటిబిడ్డకు కీడని ఏ ఆడదైనా ఎప్పుడు భయపడుతుంది? తన తల్లి, తల్లి తల్లి, ఈ ఏటి రెండు ఒడ్ల మీదా ఉన్న ప్రతి ముసలమ్మా చెప్పే మాట ఒక్కటే. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. ఊపితే ఆ ఇంటి బిడ్డ దక్కదు.

చెంగల్వ పాడుతూనే ఎడమ చేత్తో పట్టుతెర పక్కకు జరిపింది. దుమ్ము రాలింది. మెత్తటి పరుపు మీద గుడ్డు ఉంది. నిలువునా పగిలి, నల్లబడి, పొయ్యిలోంచి తీసిపారేసిన బొగ్గులా ఉంది. లోపల నిప్పు లేదు, పాము లేదు. బూజు ఉంది.

"ఎప్పటి నుంచి?" అంది పాట సందులో.

మల్లసాని కూలబడింది. చెంగల్వ ఊపిరి పీల్చుకునే చోటల్లా తాను పాట అందుకుంటూ, మధ్యమధ్య గుసగుసగా చెప్పింది. "తెచ్చిన ఏడాదే చచ్చిందే తల్లీ. నాకూ రాణిగారికీ తప్ప ఎవరికీ తెలియదు. దళవాయికి కూడా తెలియదు. పాట వినబడుతున్నంత కాలం తూర్పువాళ్లు భయపడతారని... పాడటానికి వచ్చినవాళ్లలో నీలాంటి తెలివైనది ఒక్కతైనా ఉంటుంది కదా. అందుకని ఒక్కరినీ ఉంచరు. పొద్దు ఆ స్తంభం దాటగానే దళవాయి వస్తాడు. ఎందుకు తోస్తున్నాడో వాడికీ తెలియదు. పాము పేరున బలి అనుకుంటాడు." ఆవిడ వేలు నేలలోని చెక్కతలుపు వైపు చూపించింది. దాని కింద ఏరు. ఏట్లో అలవాటుపడ్డ మొసళ్లు.

స్తంభం మీది ఎండ అప్పటికే సగం జరిగింది.

చెంగల్వ కిటికీ వైపు చూసింది. కొంగు ఆరేస్తే చాలు, దీర్ఘదర్శి అడిగిన పని అయిపోతుంది. తూర్పు నాగం వచ్చి ఈ కోటను, ఈ ఊరిని, మల్లసాని మనవణ్ణి, వసారాలోని కుర్రాళ్లను బుగ్గి చేస్తుంది. సారంగుడొక్కడు మిగులుతాడు. మెడలో తాయెత్తు ఉంటుంది కాబట్టి.

ఉంటే మిగులుతాడా?

కీడెంచి మేలెంచమన్నారు. చెంగల్వ బతుకంతా కీడే ఎంచుతూ వచ్చింది, మేలు దాకా వెళ్లింది తక్కువ. ఆమె రవికలోంచి తాయెత్తు తీసి, దారం కొస దీపానికి అంటించింది. నాగాగ్నికి కాలనిది ఆముదపు దీపానికి కాలుతుందా? పసుపు దారం చిటుక్కున అంటుకుని, మామూలు నూలు దారంలాగే, చింకిగుడ్డ వాసన వేస్తూ కాలిపోయింది. లోపలున్నది తాటాకు ముక్క. దాని మీద ఏమీ రాసి లేదు.

"దొంగ సచ్చినోడు!" అంది చెంగల్వ.

అదే సమయానికి తలుపు తెరుచుకుంది. భైరవుడు, వెనక నలుగురు భటులు.

"పాట చాలమ్మా. దాది అందుకుంటుంది. నీకు బహుమానం ఇప్పించాలి, ఇలా రా," అన్నాడు భైరవుడు తీయగా. ఒక భటుడు అప్పుడే చెక్కతలుపు గడియ తీస్తున్నాడు.

మల్లసాని కళ్లు మూసుకుని పాట అందుకుంది. చెంగల్వ నోరు మూసుకుంది. రెండడుగులు వెనక్కి వేసి బంగారు గొలుసు రెండు చేతులతో పట్టుకుంది.

"దగ్గరికొస్తే ఊపేస్తాను. పాముకు మెలకువొస్తుంది. రా, రా మరి!"

భటులు కొయ్యబారిపోయారు. భైరవుడి ముఖం పాలిపోయింది. కానీ కదిలాడు. "అబద్ధం. పాముకు పాడుతుంటే ఊపినా లేవదు. దాదీ, పాడు! గట్టిగా పాడు!"

వాడు ఇంకొక్క అడుగు వేశాడు. చెంగల్వ చేతులు బిగుసుకున్నాయి. లోపల బూజు పట్టిన పరుపు. బయట తన బిడ్డ. ఈ గొలుసు కదిపితే కీడు ఎవరికో ఆమెకు తెలుసు. కదపకపోతే ఎవరికో అదీ తెలుసు. "ఈ పాపం నాకు చుట్టుకోనీ, వాడికి కాదు, వాడికి కాదు," అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఉయ్యాలను తోసింది.

ఏళ్ల తరబడి కదలని ఉయ్యాల కొండ కదిలినట్టు కిర్రున అరిచింది. మల్లసాని "ఎంత పని చేశావే!" అని గుండె బాదుకుంది. పాట తెగిపోయింది. విసురుగా వెళ్లిన ఉయ్యాల దీపపు సెమ్మెను గుద్దుకుంది. నూనె ఒలికింది, పట్టుతెర అంటుకుంది. ఏళ్లనాటి దుమ్ము భగ్గుమంది. మంటలో మునిగిన ఉయ్యాల తిరిగి భైరవుడి మీదికి ఊగి వచ్చింది.

"లేచింది! నాగం లేచింది!" అని ఎవడో కేక పెట్టాడు. ఇక ఆగేదెవడు? భటులు ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగు. మొలకట్టుకు నిప్పంటుకోగానే భైరవుడు నడుముకు చుట్టిన దట్టీ విప్పి విసిరేసి, పొలికేకలు పెడుతూ గుమ్మం దాటాడు. దట్టీతో పాటు తాళంచెవీ నేల మీద పడింది.

చెంగల్వ కాలుతున్న దట్టీలోంచి తాళంచెవి లాగింది. అరచెయ్యి చుర్రుమంది. "రా అవ్వా!" అని మల్లసాని చెయ్యి పట్టింది.

"నా మనవడు కోట కింది వీధిలో ఉన్నాడే... నువ్వు నీ బిడ్డను చూసుకో!" అని ఆ ముసలిది విదిలించుకుని మెట్లవైపు పరుగెత్తింది.

తాళం ఊడింది. గొలుసు సర్రున కడియాల్లోంచి జారింది. కుర్రాళ్లు కట్లు తెగిన దూడల్లా చెదిరారు. కొందరు ఊళ్లోకి, కొందరు ఏట్లోకి. సారంగుడు మాత్రం ఎక్కడివాడక్కడే నిలబడి తల్లినే చూస్తున్నాడు.

"చూపులు తర్వాత! నడువురా నాయనా!"

కొండమెట్ల కింద, పొద్దున తాను దిగిన పడవ ఒంటరిగా ఊగుతోంది. పడవవాడు ఎప్పుడో పారిపోయాడు. మెట్టు చివర నీళ్లలోంచి మొసలి మూతి పైకి తేలింది. ఈ వేళకు మేత పడటం దానికి అలవాటు. సారంగుడు ఒడ్డున పడివున్న పడవ గడకర్ర అందుకుని దాని కళ్ల మధ్య బలంగా మోదాడు. అది మునిగింది. తల్లీ కొడుకూ పడవలోకి దూకారు. చెంగల్వ తెడ్డు అందుకుంది. చేతులకు ప్రాణం వచ్చింది.

"అమ్మా, ఏట్లో విడిచి ఉందునన్నావు."

"ఛీ, నోర్ముయ్! మళ్లీ ఆ మాట ఎత్తకు!"

వాడు నవ్వబోయాడు. అంతలో ఆమె తెడ్డు గాలిలో ఆగిపోయింది.

పడమటి పాట ఆగిపోయింది. తాను ఆపింది. ఆ సంగతి అవతలి ఒడ్డుకు వినబడకుండా ఉంటుందా? కొడుకు కోసం పరుగెత్తిన పరుగులో ఆ మాటే తట్టలేదు.

చెవి రిక్కించింది. తూర్పు ఒడ్డున, గొలుసు కట్టిన నాటి నుంచి ఏనాడూ ఆగని జోలపాట వినబడటం లేదు.

ఏటికి రెండు వైపులా చీమ చిటుక్కుమనలేదు. తూర్పు నాగగోపురం కంచు తలుపులు ఎండలో మెరుస్తూ మెల్లగా తెరుచుకున్నాయి. చెంగల్వ కొడుకును పడవ అడుగున పడేసి, వాడి మీద బోర్లా పడుకుంది. ఆకాశం కాలిపోతుందని కళ్లు మూసుకుంది.

ఏమీ కాలేదు.

కళ్లు తెరిచి చూసింది. తెరిచిన తలుపుల్లోంచి కాసింత దుమ్ము వచ్చింది. ఆ తర్వాత గోపురం లోపలి నుంచి ఒక ఆడమనిషి ఏడుపు వినబడింది. తెర ఎత్తి చూసే ధైర్యం ఆ వైపు ఎవరూ ఏనాడూ చేయలేదు. పాము ఉందనే నమ్మకంతో తూర్పు దాదులు రోజూ పాడుతూ, రోజూ ఊపుతూ వచ్చారు.  ఇన్నేళ్లూ ఖాళీ ఉయ్యాల ఊపారు. కొండల్లో యుద్ధాలకు పంపిన బిడ్డలు ఏ ఇంటికీ ఎందుకు తిరిగి రాలేదో చెంగల్వకు ఇప్పుడు అర్థమైంది.

"వాళ్ల దగ్గర పాము లేదు!" పడమటి బురుజు మీద ఒక గొంతు.

"వాళ్లదీ చచ్చిందేరా! ఉయ్యాల తగలబడుతోంది చూడండి!" తూర్పు గట్టు మీద ఇంకో గొంతు.

ఒక్క క్షణం ఎవరైనా నవ్వుతారేమో అనిపించింది. ఊపిరి పీల్చుకుని, ఇన్నాళ్లూ దేనికి భయపడ్డామా అని, ఎవరింటికి వాళ్లు పోతారేమో అనిపించింది. అప్పుడే పడమటి కోటలో కొమ్ము ఊదారు. దానికి బదులుగా తూర్పున భేరి మోగింది. భయం పోయింది కదా, ఇక కత్తికి అడ్డమేముంది? ఏటిమీది ఇనుప గొలుసు కిర్రుకిర్రుమంటూ నీళ్లలోకి దిగిపోయింది. రెండు ఒడ్ల నుంచీ యుద్ధనౌకలు కదిలాయి. వాటి నడుమ, నీళ్లు మరుగుతున్నట్టు ఉన్న ఏట్లో, చెంగల్వ చిన్న పడవ.

"ఎటమ్మా?" అన్నాడు సారంగుడు, రెండో తెడ్డు అందుకుంటూ.

"అటూ వద్దు, ఇటూ వద్దు. దిగువకు. రాకాసి సుడి వైపు. అక్కడికి ఏ నౌకా రాదు."

"సుడిలో పడినవాడు తేలాడా ఎవడైనా?"

"వీళ్ల చేతిలో పడినవాడు తేలాడా?"

గాలి చీలిన చప్పుడు. ఇద్దరి మధ్యా పడవ అడుగులో బాణం దిగి, వణుకుతూ నిలిచింది. సారంగుడు దాన్ని పెరికాడు. చిల్లులోంచి నీళ్లు బుగబుగా ఎగదన్నాయి.

"ఎవరిదమ్మా ఇది? మనవాళ్లదా?"

చెంగల్వ చూసింది. తెల్లటి కొంగ ఈకలు. వీడి తండ్రి గుండెలోంచి పెరికిన బాణానికీ ఇవే ఈకలు. ఆమె కిటికీలో ఆరేయమన్న ఎర్ర కొంగును పళ్లతో పట్టి సర్రున చింపి, ఉండచుట్టి, కాలిన అరచేత్తో ఆ చిల్లులో కుక్కి అదిమిపట్టింది.

"తెడ్డు వేయి నాయనా," అంది. "నేను దీన్ని పట్టుకుంటాను. నువ్వు తెడ్డు ఆపకు."

ముందు నీళ్లు గుండ్రంగా తిరగటం మొదలైంది. వెనక రెండు ఒడ్ల మీదా కొంగ ఈకలు ఒక్కసారిగా గాలిలోకి లేచాయి.